పాత మెయిన్ బోర్డు, ఇంటి ఇన్సూరెన్స్

(విశాఖపట్నంలో ఒక కాలనీ నివాసుల సమావేశంలో రిటైర్డ్ ఇన్సూరెన్స్ సర్వేయర్ ఒకరు మాట్లాడినది)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్న, అదీ ఈ ఉక్కలో, కరెంటు బోర్డు గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. ముందు వరసల్లో పెద్దవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. నేను మాట్లాడబోయే ఇళ్ళు మీరు దగ్గరుండి కట్టించుకున్నవే కాబట్టి మీరు రావడమే మంచిదైంది.

ఈ బల్ల మీద ఒక వస్తువు పెట్టాను. వెనక ఉన్నవాళ్ళకి కనబడదు, అయ్యాక దగ్గరకొచ్చి చేత్తో పట్టుకుని చూడండి. పింగాణీ ఫ్యూజు. మనం కిట్‌క్యాట్ అంటాం. మహారాణిపేటలో ఒక పాత ఇంట్లోంచి తీసింది. ఒకప్పుడు తెల్లగా ఉండేది. ఇప్పుడు ఒక పక్కంతా బెల్లం రంగుకి తిరిగింది. ఇత్తడి స్క్రూల మీద పచ్చగా చిలుము పట్టింది. లోపల ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట ఏముందో తెలుసా? టేబుల్ ఫ్యాను వైరులోంచి ఒలిచిన రాగి పోగులు. లెక్కపెట్టాను, తొమ్మిది. మెలితిప్పి గట్టిగా బిగించారు.

ఆ ఇంట్లో ఒక రాత్రి మంటలు లేచాయి. దేవుడి దయ వల్ల మనుషులకేమీ కాలేదు. హాలు పోయింది. సోఫా, కర్టెన్లు, పుస్తకాల బీరువా, అన్నీ. సర్వేకి వెళ్ళినప్పుడు ఆ ఇంటావిడ, టీచరుగా రిటైరయ్యారు, నాతో ఒక మాట అన్నారు. "మా ఆయన ఉన్నప్పుడు నెలకి రెండుసార్లు ఫ్యూజు పోయేది బాబూ, ఆయనే కట్టేవారు. తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి ఈ తీగ వేశాడు. అప్పట్నుంచి ఒక్కసారి కూడా పోలేదు." ఆవిడ అది ఆ కుర్రాడి పనితనం అనుకుని చెప్పారు. నాకు గొంతు పెగల్లేదు.

ఫ్యూజు పని పోవడమే. తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు లాగినప్పుడు, గోడలో ఉన్న తీగ కాలకుండా, మన కళ్ళెదుట ఉన్న ఈ చిన్న తీగ కాలిపోవాలి. తొమ్మిది పోగుల రాగి వేశాక ఇది కాలదు. గోడలో ఉన్నదే కాలుతుంది.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, తర్వాత లైసెన్స్ తీసుకుని ఇరవై ఏడేళ్ళు ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేశాను. అంటే ఇల్లో కొట్టో కాలినప్పుడు కంపెనీ తరఫున వెళ్ళి, ఎలా జరిగింది, ఎంత పోయింది అని రాసిచ్చే పని. ఆ రిపోర్టు రాసేటప్పుడు ప్రతిసారీ అనిపించేది, ఈ ప్రశ్నలు నెల ముందు ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండేదని. ఇవాళ నేను వచ్చింది అందుకే.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కదా. మా అమ్మాయి కూడా అక్కడే ఉంది. అక్కడ పాత ఇల్లు కొనాలంటే ఇన్సూరెన్స్ కంపెనీ చాలా చోట్ల ముందుగానే అడుగుతుంది, ప్యానెల్ ఏ కంపెనీది, ఎన్నేళ్ళది, వైరింగు ఏ రకమని. ప్యానెల్ అంటే మన మెయిన్ బోర్డే. ఫ్లోరిడాలో పాత ఇళ్ళకి ఫోర్ పాయింట్ ఇన్‌స్పెక్షన్ అని ఉంటుంది. పైకప్పు, కరెంటు, నీళ్ళ పైపులు, ఏసీ, ఈ నాలుగూ చూసి రాసిస్తేనే పాలసీ సంగతి మాట్లాడతారు. ఫెడరల్ పసిఫిక్ స్టాబ్-లాక్ అని ఒక పాత రకం ప్యానెల్ ఉంది, 1950ల నుంచి 1980ల దాకా లక్షల ఇళ్ళలో పెట్టారు. అందులో బ్రేకర్లు, అంటే కరెంటు ఎక్కువైతే వాటంతట అవే లైను తెంచాల్సిన స్విచ్చులు, పడిపోవాల్సినప్పుడు పడిపోవడం లేదని పరీక్షల్లో తేలింది. ఆ పేరు కనబడితే చాలు, మార్చుకుని రండి అనే కంపెనీలు అక్కడ బోలెడు. మా అమ్మాయి ఫోన్ చేసి, "ఇల్లు బాగుంది నాన్నా, ప్యానెల్ దగ్గర ఆగిపోయింది" అని టెన్షన్ పడింది. నాకు మాత్రం, అడిగేవాళ్ళు ఉండటం ఎంత అదృష్టం అనిపించింది.

మన దగ్గర ముందు ఎవరూ అడగరు. ఇంటి పాలసీ ప్రపోజల్ ఫారంలో గోడలు దేనివి, పైకప్పు దేనిది అని ఉంటుంది. నేను చూసిన ఫారాల్లో ఫ్యూజు బోర్డు గురించి ఒక్క గడి లేదు. ఫోన్లో పది నిమిషాల్లో పాలసీ వచ్చేస్తుంది. బోర్డు గురించి మొదటిసారి అడిగేది కాలిన తర్వాత, నాలాంటివాడు టార్చిలైటు పట్టుకుని వచ్చినప్పుడు. అప్పటికి జవాబు మసిలో ఉంటుంది.

ఇక ఊళ్ళో ఒక మాట చాలా గట్టిగా నాటుకుపోయింది. షార్ట్ సర్క్యూట్ అయితే ఇన్సూరెన్స్ డబ్బు రాదు అని. ఇది సగం నిజం, ఆ సగం వల్ల చాలామంది పాలసీయే తీసుకోవడం మానేశారు. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇళ్ళకి భారత్ గృహ రక్ష అని ఒక స్టాండర్డ్ పాలసీ వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ తెచ్చింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇంటికి తీసుకుంటే ఇంట్లో సామాన్లకి కూడా, ఇంటికి తీసుకున్న ఇన్సూరెన్స్ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతటదే వర్తిస్తుంది. నగలు, విలువైన వస్తువులు విడిగా చెప్పి తీసుకోవాలి.

అందులో ఒక మినహాయింపు ఉంది. కరెంటు వస్తువు ఏదైనా ఓవర్‌లోడ్ వల్లో, షార్ట్ సర్క్యూట్ వల్లో, దానంతట అది వేడెక్కడం వల్లో పాడైతే ఆ వస్తువుకి డబ్బు రాదు. ఆ వస్తువుకి మాత్రమే. ఇక్కడే అందరూ పొరబడతారు. మీ ఫ్రిజ్‌లో షార్ట్ సర్క్యూట్ అయి ఫ్రిజ్ కాలింది, మంట కర్టెనుకి అంటుకుని వంటగది కాలింది అనుకోండి. ఫ్రిజ్ డబ్బు రాదు. వంటగది, అల్మరాలు, మిక్సీ, గోడలు, వీటికి క్లెయిము ఉంటుంది, ఎందుకంటే వాటికి జరిగింది అగ్నిప్రమాదం. మెయిన్ బోర్డే కాలి ఇల్లు అంటుకున్నా అంతే. బోర్డు పోతుంది, మిగతాది క్లెయిములో ఉంటుంది. వస్తువులకి కూడా కావాలంటే, ఉపకరణాల బ్రేక్‌డౌన్‌కి విడిగా కవరు అమ్ముతున్న కంపెనీలు ఉన్నాయి, అడిగి తీసుకోండి.

పాలసీ మొత్తం గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. ఇన్సూరెన్స్ కట్టిన భవనానికే, స్థలానికి కాదు. మన ఎంవీపీలో, సీతమ్మధారలో ఇల్లు కోట్లంటే ఆ విలువలో ఎక్కువ భాగం స్థలానిదే. మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే తీసుకోవాలి. బ్యాంకు లోను మీద పాలసీ ఉన్నవాళ్ళు అది ఎంతకి ఉందో, సామాన్లు ఉన్నాయో లేదో కాగితం తీసి చూసుకోండి.

మరి పాత బోర్డుకీ క్లెయిముకీ ఏమిటి సంబంధం? బోర్డు పాతది అన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయడం నా సర్వీసులో నేను చూడలేదు. కానీ ఆలస్యం చూశాను, కోతలు చూశాను, ఉత్తరాల మీద ఉత్తరాలు నడవడం చూశాను. ఆస్తి పట్ల తీసుకోవాల్సిన మామూలు జాగ్రత్త తీసుకోవడం పాలసీదారుడి బాధ్యత. ఇదిగో, ఈ తొమ్మిది పోగుల ఫ్యూజు రిపోర్టులో ఫోటోతో సహా ఎక్కితే, ఆ జాగ్రత్త గురించి ప్రశ్న రాకుండా ఉంటుందా? కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. ఇంటికెళ్ళి చూడండి. ఎప్పుడో ఒక కిలోవాటు రాయించుకున్న ఇంట్లో ఇప్పుడు రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఒక ఇండక్షన్ స్టవ్ నడుస్తున్నాయి. సర్వేయరు ఆ అంకె కూడా రాసుకుంటాడు. మన కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్‌కి అదనపు లోడ్‌కి దరఖాస్తు పెట్టుకోవడం పెద్ద పని కాదు, పెట్టుకోండి.

ఇప్పుడు అసలు బోర్డు దగ్గరికి వద్దాం.

మన పాత ఇళ్ళు కట్టినప్పుడు ఇంట్లో ఏముండేవి? నాలుగు బల్బులు, మూడు ఫ్యాన్లు, ఒక రేడియో, ఒక ఇస్త్రీపెట్టె. దానికి సరిపడా టేకు చెక్క మీద మీటరు, ఇనప పెట్టెలో మెయిన్ స్విచ్చు, రెండు పింగాణీ ఫ్యూజులు, చాలా ఇళ్ళలో అల్యూమినియం తీగ. అప్పటికి అది మంచి పనే. తప్పుపట్టడానికేమీ లేదు. తర్వాత మనం ఒక్కొక్కటే తెచ్చి తగిలించాం. 2 కిలోవాట్ల గీజరు ఒక్కటే 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. పక్కన ఏసీ వేశాం. పైన మేడ కట్టి అద్దెకిచ్చాం, దానికి లైను కింది బోర్డులోంచే లాగాం. బోర్డు మాత్రం ఆనాటిదే.

అందరూ ఓవర్‌లోడ్ ఒక్కటే ప్రమాదం అనుకుంటారు. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం వదులు జాయింటు వల్ల వచ్చినవి. అల్యూమినియం మెత్తటి లోహం. స్క్రూ కింద వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కి, ఏళ్ళు గడిచేకొద్దీ నలిగి వదులవుతుంది. దాని మీద ఒక పొర ఏర్పడుతుంది, అది కరెంటుని సరిగా పోనివ్వదు. ఒక జాయింటు దగ్గర అర ఓమ్ అడ్డు ఏర్పడిందనుకోండి. అందులోంచి 10 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 50 వాట్లు. టీవీ మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లది. అలాంటివి రెండు, వేలి కొనంత చోట, యాభై ఏళ్ళుగా ఎండిన టేకు చెక్క మీద ఆనించి గంటల తరబడి వదిలేసినట్టు. పైగా కరెంటు 10 ఆంపియర్లే కాబట్టి 16 ఆంపియర్ల ఫ్యూజూ పోదు, ఎంసీబీ, అంటే ఫ్యూజు బదులు ఇప్పుడు పెట్టే బ్రేకరు, అది కూడా పడదు. వాటి లెక్కలో అంతా సవ్యంగానే ఉంది.

దీనికి విశాఖ గాలి తోడు. పెదవాల్తేరులో, లాసన్స్ బే కాలనీలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలు ఎన్నేళ్ళు నిలుస్తున్నాయో చూస్తూనే ఉన్నారు. అదే ఉప్పు గాలి బోర్డులోకీ వెళ్తుంది. రాగి తీగనీ అల్యూమినియం తీగనీ కలిపి మెలితిప్పి టేపు చుట్టే అలవాటు ఒకటుంది మన ఎలక్ట్రీషియన్లకి. ఉప్పు తేమలో రాగి తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక నెలల తరబడి ఇంటింటికీ తిరిగాం. గాలికి అడ్డంగా కొట్టిన వాన మీటరు పెట్టెల్లోకి దూరింది. జనం ఆరబెట్టుకుని, కరెంటు రాగానే వేసుకున్నారు. తప్పులేదు, అన్ని రోజులు చీకట్లో ఉన్నారు. కానీ ఆ నీటి తాలూకు చిలుము చాలా బోర్డుల్లో ఇప్పటికీ ఉంది. వీధిలో తీగలు చాలాచోట్ల భూమిలోకి వెళ్ళాయి, ఇంట్లో బోర్డు అక్కడే ఉండిపోయింది.

పాత ఇనప మెయిన్లలో ఇంకో సంగతి. కరెంటు వచ్చే తీగ ఫేజు, తిరిగిపోయే తీగ న్యూట్రల్, రెండింటికీ ఫ్యూజు ఉంటుంది. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోతే ఇంట్లో లైట్లు ఆరిపోతాయి. కరెంటు లేదనుకుని మీరు హోల్డరులో చెయ్యి పెడతారు. ఫేజు అక్కడే ఉంటుంది. మూడు ఫేజుల ఇంట్లో న్యూట్రల్ తెగితే ఇంకా ఘోరం, కొన్ని లైన్లలో వోల్టేజీ 400 దగ్గరికి ఎగబాకి టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి పోతాయి. అలా పోయిన వస్తువులకి ఇందాక చెప్పిన మినహాయింపు అడ్డొస్తుంది కూడా. అమ్మా, న్యూట్రల్‌లో ఫ్యూజు ఉన్న బోర్డు మీ ఇంట్లో ఉంటే, మిగతావి ఆలోచించుకోవచ్చు గానీ ఇది మాత్రం ఈ నెలలోనే మార్పించండి.

మార్పించేటప్పుడు జరిగే పొరపాట్లు చెబుతాను, ఎందుకంటే కొత్త బోర్డు పెట్టించుకుని నిశ్చింతగా ఉన్న ఇళ్ళలో కూడా కాలిన తీగలు చూశాను. ఎంసీబీ రేటింగు ఏసీని బట్టి కాదు, గోడలోని తీగని బట్టి వెయ్యాలి. లోపల పాత సన్న తీగ అలాగే ఉంచి, మాటిమాటికీ పడుతోందని 32 ఆంపియర్ల ఎంసీబీ వేస్తే, అది ఈ తొమ్మిది పోగుల ఫ్యూజుకి కొత్త బట్టలు తొడిగినట్టే. గీజరుకీ ఏసీకీ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగమనండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి. కరెంటు గోడలోకో మనిషి ఒంట్లోకో కారుతుంటే, అది ప్రాణం మీదికి రాకముందే లైను తెంచేస్తుంది. పాత ఇంట్లో అది పెట్టగానే ఊరికే పడుతుంది. పైవాటా న్యూట్రల్, కిందివాటా న్యూట్రల్ ఎక్కడో కలిసిపోయి ఉంటాయి, లేదా గోడలో చెమ్మ ఉంటుంది. ఆ తప్పు వెతకడానికి ఒక రోజు పడుతుంది. వెతకకుండా ఆర్‌సీసీబీని దాటించి లైను కలిపేస్తారు. దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి. ఆ రోజు కూలి మీరే ఇచ్చి వెతికించండి.

బోర్డు వరకైతే ఒక మాదిరి స్మార్ట్‌ఫోన్ ఖరీదులో అయిపోతుంది. వైరింగంతా మార్చాలంటే ఎక్కువే అవుతుంది, గదికో గది చొప్పున చేయించుకోవచ్చు. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు చేత చేయించి, మెగ్గర్ టెస్టు, అంటే తీగల పై తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే పరీక్ష, చేసి కాగితం ఇమ్మనండి. 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ కనీసం ఒక మెగాఓమ్ చూపించాలి. ఎర్త్ గొయ్యి కూడా కొలిపించండి, చాలా ఇళ్ళలో అది ఏ పూలకుండీ కిందో పూడిపోయింది. బిల్లు, టెస్టు కాగితం, బోర్డు తలుపు తీసి తీసిన ఫోటో, ఈ మూడూ పాలసీతో పాటు ఫోన్లో పెట్టుకుని పిల్లలకి కూడా పంపండి. ఇల్లు కాలినప్పుడు బీరువాలో కాగితాలు కూడా కాలతాయి. నేను ఎంతమందిని చూశానో, "అన్నీ ఉండేవండీ" అని మసి వైపు చూపించినవాళ్ళని.

రాకూడదు గానీ, ప్రమాదం వస్తే 101కి ఫోన్ చెయ్యండి. ఆరిపోయాక ఫైర్ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ అడగండి. కంపెనీకి ఆ రోజే చెప్పండి. సర్వేయరు వచ్చేదాకా కడగొద్దు, సర్దొద్దు. అక్కయ్యపాలెంలో ఒక ఇంటికి నేను వెళ్ళేసరికి గచ్చు తళతళ మెరుస్తోంది. కాలిన బోర్డు, తీగలు ముందురోజే పాత ఇనప సామాన్లవాడికి అమ్మేశారు. మంట ఎక్కడ పుట్టిందో చూపించే వస్తువే లేదు. వాళ్ళది నిజమైన నష్టం, నాకు తెలుసు. నిరూపించడానికి ఏడాది పట్టింది. కంపెనీతో తేలకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన రాష్ట్రానికి కూడా వారే. ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

సరే, ఆవిడ అడిగింది మీ అందరికీ వినబడలేదేమో. అద్దెకుండేవాళ్ళం, బోర్డు ఓనరుది, మేమేం చెయ్యగలం అంటున్నారు. సామాన్లకి మాత్రమే పాలసీ మీ పేరు మీద తీసుకోవచ్చమ్మా, ఇల్లు మీది కానక్కర్లేదు. ఓనరుకి బోర్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, మార్చమని రాయండి. నోటితో చెప్పకండి, రాయండి. తారీకుతో సహా ఉంటుంది.

ఇంకొకటి, అపార్ట్‌మెంట్ల వాళ్ళు. మీ ఫ్లాటు బోర్డు బాగున్నా కింద మీటరు గదిలో అట్టపెట్టెలు, పాత పరుపులు, స్కూటర్ సీట్లు పెట్టి ఉంటున్నారు. రేపే తీయించండి. అందరి తీగలూ కలిసేది అక్కడే.

ఇక నేను మంగళవారం సాయంత్రం ఖాళీ. డబ్బులేమీ వద్దు. ఎవరి ఇంటి బోర్డు చూడాలో పేరు, ఇంటి నంబరు ఇక్కడ కాగితం మీద రాయండి. నేను వచ్చే అరగంట ముందు ఏసీ, గీజరు రెండూ వేసి ఉంచండి. బోర్డు మీద లోడు ఉంటేనే ఏ జాయింటు వేడెక్కుతోందో తెలుస్తుంది. మీటరు పెట్టె తాళంచెవి మాత్రం ముందే వెతికి పెట్టుకోండి, చాలా ఇళ్ళలో ఆ తాళం తీసి ఏళ్ళవుతుంది.